రెండు మాటలకూ కలిపి ‘బాధ’ అని వేశారు

సంపాదకుల వారికి,

పోయిన శుక్రవారం మీ భక్తి పేజీలో దిగులు పోవడానికి చదివే దువా (అల్లాను వేడుకునే ప్రార్థన) వేశారు. సంతోషం. మా ఆదోని వైపు దూదేకులవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఇంట్లో మాట తెలుగే. ఉర్దూ అంతంతమాత్రం. అరబీ నోటికి వస్తుంది గానీ అర్థం తెలియదు. అందుకని ఇలాంటివి తెలుగులో వస్తే మాకు అక్కరకొస్తాయి. కానీ మీరు అర్థం రాసినచోట ‘హమ్మ్’, ‘హజన్’ రెండింటికీ కలిపి ‘బాధల నుంచి’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ రెండూ వేరు వేరు. నాకు ఆ తేడా మంచం పక్కన కూర్చున్నాకే తెలిసింది కాబట్టి ఈ ఉత్తరం.

పోయిన రంజాన్ అయిన నెలకు మా ఇంటామెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. మాట కూడా పోయింది. ఆ పొద్దున ‘చెయ్యి జోము పట్టింది’ అని చెప్పింది. ‘రాత్రి దాని మీద పడుకున్నావేమో, టీ తాగి కాసేపు ఒరుగు’ అన్నాను. కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. రక్తం గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు వేస్తేనే పనిచేస్తుందని అక్కడే తెలిసింది. ఆ టీ మాట నాకు రోజూ గుర్తొస్తుంది. అది హజన్. జరిగిపోయినదాని గురించిన దుఃఖం. మళ్ళీ ఇంకోసారి వస్తే ఎట్లా, ఆమె కంటే ముందు నేనే పోతే ఈమెను ఎవరు చూస్తారు, ఇది హమ్మ్. రాబోయేదాని గురించిన టెన్షన్. రాత్రి రెండు గంటలకు రెండూ కలిసి మీద పడతాయి. ఇది ఫలానాది, అది ఫలానాది అని విడదీసుకోగలిగితే కొంచెం ఊపిరి ఆడుతుంది.

ఆ దువా పూర్తిగా ఇదీ: ‘అల్లాహుమ్మ ఇన్నీ అఊజు బిక మినల్ హమ్మి వల్ హజన్, వల్ అజ్జి వల్ కసల్, వల్ బుఖ్లి వల్ జుబ్న్, వ దలఇద్దైని వ గలబతిర్రిజాల్.’ ప్రవక్త (స) దీన్ని తరచూ చదువుతుంటే విన్నానని, ఆయనకు సేవ చేసిన అనస్ గారు చెప్పినట్టు బుఖారీ హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలు, చేతలు కూర్చిన పుస్తకంలో ఉంది. మొత్తం ఎనిమిది సంగతుల నుంచి కాపాడమని అడగడం. మీరు మొదటి రెండు మాత్రం వేసి మిగతావి వదిలేశారు. రోగిని చూసుకునేవాడికి అసలు తగిలేవి ఆ మిగతావే.

అజ్జ్ అంటే చేతకాకపోవడం. యాభై ఆరేళ్ళ నడుముతో ఆమెను లేపి కూర్చోబెట్టలేకపోవడం. కసల్ అంటే బద్ధకం. దీని గురించి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. నేను పరుపులు కుట్టేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా ఆదోని పత్తి మీదే బతికాను. నా చేత్తో కుట్టిన పరుపు మీదే ఆమెకు నడుము కింద పుండు పడింది. డాక్టరు చూసి, దూది పరుపు తీసేసి గాలి పరుపు వేయమన్నాడు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని మళ్ళీ చెప్పాడు. ఇంటికొచ్చి ఆ పరుపు విప్పి చూశాను. సరిగ్గా ఆ చోట దూది చెమ్మకు గడ్డకట్టి రాయిలా ఉంది. ఎవరైనా పరుపు గడ్డకట్టిందని తెస్తే ‘ఎండకు వేయలేదు, నా తప్పేముంది’ అని కసిరేవాణ్ణి. అయినా దూదిదేముంది, తిప్పమని ముందే చెప్పారు కదా. ‘ఇంకో అరగంట ఆగి తిప్పుదాంలే’ అని నేను నిద్రపోయిన రాత్రులు ఎన్నో.

బుఖ్ల్ అంటే పిసినారితనం. ఈ డైపర్ ఇంకో గంట ఆగదా అని లెక్క వేసుకున్న రోజులున్నాయి. జుబ్న్ పిరికితనం. దలఇద్దైన్ అప్పు బరువు. మంచం పట్టినవాళ్ళకిచ్చే 15,000 పింఛను నెలనెలా వస్తోంది కాబట్టి ఇల్లు నడుస్తోంది గానీ స్కానింగులకు తెచ్చిన అప్పు అట్లే ఉంది. చివరిది మనుషులు మన మీద పైచేయి కావడం. అందులో ఇంటికొచ్చి సలహాలిచ్చిపోయే చుట్టాలను కూడా నేను కలుపుకుంటాను. మా మసీదు హజరత్ (మతగురువు) ఒప్పుకోలేదు, నవ్వాడు.

ఇంకొకటి కూడా వేయండి. ఆమెను ఒంటరిగా వదల్లేక ఏడు వారాలు జుమ్మాకు (శుక్రవారం మసీదు నమాజుకు) పోలేదు. నీళ్ళు కూడా గొంతుకు అడ్డం పడుతున్న రోజులవి. తప్పు చేస్తున్నానేమోనని హజరత్‌ను అడిగితే, చూసేవాళ్ళు ఇంకెవరూ లేనప్పుడు జుమ్మా నీకు మాఫీ, ఇంట్లో జొహర్ (మధ్యాహ్నం నమాజు) చదువుకో అన్నాడు. ప్రవక్త కాలంలో జరిగిన బద్ర్ యుద్ధమప్పుడు, ఆయన అనుచరుడు ఉస్మాన్ గారి భార్య, ప్రవక్త కూతురు రుఖయ్యా గారికి జబ్బుగా ఉంటే, ఉస్మాన్ గారిని ఇంట్లోనే ఉండి చూసుకోమని ప్రవక్త అన్నారట. యుద్ధానికి పోయినవాళ్ళతో సమానంగా పుణ్యమూ, యుద్ధంలో దొరికిన సొమ్ములో వాటా రెండూ ఉన్నాయని చెప్పారట. అది విని ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. ఆ జబ్బుతోనే రుఖయ్యా గారు పోయారని మాత్రం హజరత్ చెప్పలేదు. తర్వాత నేనే చదివాను.

దువా చదివితే ఆమె చెయ్యి లేచిందని రాయను, లేవలేదు. పుండు మాత్రం మానుతోంది.

నా మనవి ఒక్కటే. మళ్ళీ వేసినప్పుడు ఎనిమిది మాటలూ, ఒక్కోదాని కింద దాని అర్థం వేయండి. అక్షరాలు కాస్త పెద్దవిగా వేస్తే మంచిది. కత్తిరించి మంచం పక్కన గోడకు అంటించుకుంటే రాత్రి జీరో బల్బు వెలుతురులో కనబడాలి.

పేరు వేయొద్దని కోరుతూ,
ఒక పరుపుల కార్మికుడు, ఆదోని, కర్నూలు జిల్లా