కుడి మెదడు, ఎడమ మెదడు పేరిట వ్యాపారం

సంపాదకుల వారికి,

నమస్కారం. పాలకొల్లు, భీమవరం ప్రాంతాలలో వ్యక్తిత్వ వికాస తరగతుల వారు పంచుతున్న కరపత్రాలలో ఒక మాట తరచు కనబడుతోంది. కుడి మెదడు చురుకుగా ఉన్న పిల్లలు ఎవరేం చెప్పినా ఇట్టే నమ్మేస్తారనీ, ఎడమ మెదడుకు పదును పెడితే ఆ బలహీనత పోతుందనీ దాని సారాంశం.

మెదడులోని కుడి, ఎడమ సగాల, అంటే రెండు అర్ధగోళాల మధ్య పని విభజన ఉన్నమాట నిజమే. ఆ పరిశోధనకే అమెరికా శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి దక్కింది. అర్ధగోళాల చురుకుదనానికీ, ఎదుటివారి మాటకు లొంగడానికీ సంబంధాన్ని వెతికిన ప్రయోగాలు కూడా 1980ల నుంచే ఉన్నాయి. అయితే ప్రయోగశాలలో కాసేపు కొలిచిన తేడాను పట్టుకుని ఒక పిల్లవాడి స్వభావాన్ని జీవితాంతానికీ తేల్చేయడం కుదరదు. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు వెయ్యిమందికి పైగా మెదడు స్కాన్లను పరిశీలించి, మనుషులలో కుడి మెదడు వారు, ఎడమ మెదడు వారు అనే రకాలకు ఆధారం దొరకలేదన్నారు.

పైగా, కరపత్రాలు కాపలాదారుగా చూపే ఎడమ భాగం కథ వేరు. మూర్ఛ తగ్గడానికి రెండు అర్ధగోళాలను కలిపే నరాల కట్టను కోసిన ఒక రోగికి, స్పెర్రీ శిష్యుడు మైకేల్ గజానిగా బృందం ఎడమ అర్ధగోళానికి మాత్రమే అందేలా కోడి కాలి బొమ్మను, కుడి దానికి మంచు దృశ్యాన్ని చూపించింది. ఎదుట పరచిన బొమ్మలలో రోగి కుడిచేయి కోడిని, కుడి అర్ధగోళం నడిపే ఎడమచేయి మంచు ఎత్తే పారను ఎంచుకున్నాయి. పార ఎందుకని అడిగితే, మంచు సంగతి ఎరుగని ఎడమ భాగం, కోళ్ల గూడు శుభ్రం చేయడానికని తడుముకోకుండా ఒక కారణం అల్లి చెప్పింది!

రొయ్యల చెరువు గట్టున మనం చూసేదీ ఇంచుమించు ఇదే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలితే, అరువుకిచ్చే మందుల దుకాణం మనిషి ఏ డబ్బా చేతిలో పెట్టినా రైతు చల్లేస్తాడు; అది ఎందుకు మంచి మందో తెల్లారాక తానే పదిమందికీ చెబుతాడు. ఆ వేళ ఆయన్ను లొంగదీసినవి భయం, తొందర, పాత బాకీ. ఆలోచించే వ్యవధి లేనప్పుడు మనిషి చెప్పినవారి హోదాను, నమ్మినవారి సంఖ్యను చూసి సరేనంటాడని పెట్టీ, కాసియోపో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు. ఈ రోజే చేరితే సగం రుసుమే అని కరపత్రం అడుగున అచ్చు వేసేవారికి ఈ సంగతి బాగానే తెలుసు.

కొన్నిచోట్ల పిల్లల వేలిముద్రలు తీసుకుని, ఏ మెదడు ఎంత శాతమో కాగితం మీద రాసిస్తున్నారు. వేలిముద్రలను చూసి మెదడు పనితీరును కొలవడం సాధ్యం కాదు. ఇటువంటి తరగతులకు తమ ఆవరణ ఇచ్చే పాఠశాలల యాజమాన్యాలు, ఆ శాతాలను ఏ పరీక్షతో, ఏ అర్హత గల వైద్యుని పర్యవేక్షణలో తేల్చారో ముందుగా రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలని, విద్యాశాఖ అధికారులు ఆ మేరకు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పాలకొల్లు.