కెమెరా ఉన్నంత మాత్రాన దోపిడీ ఆగదు

సంపాదకులకు నమస్కారం.

దుకాణంలో దోపిడీ జరిగిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ సీసీ కెమెరాలు పెంచాలన్న మాట వినిపిస్తుంది. దొంగతనాన్నీ దోపిడీనీ ఒకే గాటన కట్టడం వల్లే ఆ మాట అంత తేలిగ్గా వస్తోందని నా అభిప్రాయం. చాటుగా సరుకు జేబులో వేసుకునేవాడికి ఎవరి కంటా పడకపోవడమే ముఖ్యం కనుక కెమెరాను చూసి జంకుతాడు. ముఖానికి గుడ్డ కట్టుకుని, కత్తి చూపించి గల్లాపెట్టె ఖాళీ చేయించేవాడు మాత్రం అందరూ చూస్తారని తెలిసే వస్తాడు. పెట్టెలో ఎంత ఉంటుంది, ఎంత త్వరగా బయటపడవచ్చు అన్నవే అతని లెక్కలు.

నలభై ఏళ్ల అధ్యయనాలను క్రోడీకరిస్తూ పైజా, వెల్ష్, ఫారింగ్టన్, థామస్ అనే నేరశాస్త్ర పరిశోధకులు 2019లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, కెమెరాలు పెట్టిన ప్రదేశాల్లో మొత్తం నేరాలు సుమారు 13 శాతం తగ్గాయి. అయితే ఆ ఫలితం అన్నిటికంటే ఎక్కువగా వాహనాలు నిలిపే స్థలాల్లో కనిపించింది. హింసాత్మక నేరాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు.

నేను కొన్నేళ్లు రాత్రి షిఫ్టులో కౌంటర్ దగ్గర పనిచేశాను. మా కెమెరా సీలింగ్ మూలన ఉండేది. అందులో ఎదుటి మనిషి టోపీ, భుజాలు తప్ప ముఖం పడేది కాదు. రికార్డు చేసే డీవీఆర్ గల్లాపెట్టె కింది అరలోనే ఉండేది కనుక, డబ్బుతో పాటు దాన్నీ పట్టుకుపోవడం ఎవరికైనా క్షణాల పని. అద్దాల నిండా పోస్టర్లు అతికించడంతో, లోపల నేనున్నానో లేనో కూడా దారిన పోయేవారికి తెలిసేది కాదు.

ఆ పోస్టర్ల సంగతి కూడా ముఖ్యమేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో 1970లలో సెవెన్-ఎలెవెన్ అనే గొలుసు దుకాణాల్లో జరిగిన ప్రయోగంలో గల్లాలో నగదు తగ్గించి, అద్దాలకు అడ్డున్నవి తొలగించి, వెలుతురు పెంచి, సిబ్బందికి శిక్షణ ఇస్తే దోపిడీలు సుమారు 30 శాతం తగ్గాయి. ఫ్లోరిడా రాష్ట్ర చట్టం కూడా రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచే చిన్న దుకాణాలకు కెమెరా ఒక్కటి చాలనలేదు. నోట్లు వేయడానికే తప్ప తీయడానికి వీల్లేని సేఫ్, గల్లాలో 50 డాలర్లకు మించి ఉండవని తెలిపే బోర్డు, బయటి నుంచి కౌంటర్ కనిపించే అద్దాలు, వచ్చినవారి ఎత్తు తెలిసేలా గుమ్మం దగ్గర కొలత గుర్తులు, ఇవన్నీ ఉండాలంది.

కెమెరా వద్దని నేననను. గుమ్మం దగ్గర ముఖం ఎత్తున అమర్చి, రికార్డును వేరే గదిలో తాళం వేసి ఉంచితే నిందితుణ్ని గుర్తించడానికి అది ఎంతో పనికొస్తుంది. కాని అది దోపిడీ జరిగిపోయాక ఉపయోగపడే సాధనం. ఎవరైనా బెదిరిస్తే ఎదురు తిరగకుండా డబ్బు ఇచ్చేయమని, పనిచేసినన్నాళ్లూ నాకు ఒక్కరూ చెప్పలేదు. కెమెరా ఉంది కదా అన్న ధైర్యంతో తిరగబడితే గాయపడేది కౌంటర్ వెనక ఉన్న మనిషే కనుక, ఉద్యోగంలో చేర్చుకున్న రోజునే యజమానులు ఆ మాట స్పష్టంగా చెప్పాలని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు