మంత్రిగారూ, మార్కెటింగ్ మాకు వచ్చు – ఆ స్తంభం ఎవరిదో చెప్పండి చాలు

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తెలంగాణలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక ఇంటర్నెట్ ఆపరేటరు రాసుకుంటున్న బహిరంగ లేఖ ఇది.

అయ్యా, స్తంభాల మీది మా ఇంటర్నెట్ వైర్లను నోటీసైనా లేకుండా కోసేస్తున్న సంగతి మీద ఇది నా నాలుగో ఉత్తరం. మొదటిది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, రసీదు వచ్చింది. రెండోది పోర్టల్లో పెట్టాను. "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని ఒక వాక్యం వచ్చింది, తొమ్మిదో రోజున "పరిష్కరించబడినది" అని ఇంకో వాక్యం వచ్చింది. ఈ రెండింటి మధ్య ఏం పరిష్కారమైందో నాకైతే అర్థం కాలేదు. మూడోది స్వయంగా తీసుకెళ్ళి చేతికిచ్చాను. స్టాంపు వేసి కాపీ ఇచ్చారు. స్టాంపు మాత్రం ఎక్కడా చెదరకుండా భేషుగ్గా పడింది. ఇక నలుగురూ చదివేలా రాస్తే మీ వాళ్ళలో ఎవరో ఒకరి కంట పడకపోతుందా అని ఇలా రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

నాది సీ కేటగిరీ లైసెన్సు, అంటే ఒక చిన్న ప్రాంతానికి మాత్రమే ఇంటర్నెట్ ఇచ్చే లైసెన్సు. పదకొండు వందల పైచిలుకు కనెక్షన్లు, నలుగురు కుర్రాళ్ళు, తెగిన ఫైబరు అతికించే స్ప్లైసింగ్ మెషీను ఒకటి, రెండు నిచ్చెనలు. ఇదీ నా టెలికాం కంపెనీ.

గత నెలలో మాలాంటి చిన్న ప్రొవైడర్ల కోసం మీవాళ్ళు ఒక సదస్సు పెట్టారు. స్తంభాల సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనన్న ఆశతో వెళ్ళాను. ఒక ఫోల్డరు, ఒక పెన్ను, టీ ఇచ్చారు. తర్వాత ఒక కుర్రాడు తెర మీద బొమ్మలు చూపిస్తూ గంటసేపు చెప్పాడు. ధరలో పెద్ద కంపెనీలతో పోటీకి పోకండి, సర్వీసులో పొండి. ఓటీటీ కలిపి అమ్మండి. పాత కస్టమరు కొత్తవాణ్ణి తెస్తే ఒక నెల ఉచితంగా ఇవ్వండి. గూగుల్లో రివ్యూలు రాయించుకోండి. నెట్ పోతే కస్టమరు ఫోన్ చేసేలోపు మీరే చేయండి.

పాపం, ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఇవన్నీ మేం ఆ పేర్లు తెలియకముందు నుంచీ చేస్తున్నవే, అంతే. నా నంబరు చాలామంది ఫోన్లలో 'నెట్ అన్న' అని ఉంటుంది. రాత్రి పదింటికి "అన్నా, రెడ్ లైట్ కొడుతుంది" అని ఫోన్ వస్తే, పొద్దున తొమ్మిదిలోపు మా కుర్రాడు పవర్ మీటరు పట్టుకుని వాళ్ళ ఇంట్లో ఉంటాడు. పెద్ద కంపెనీ కాల్ సెంటరు టికెట్ నంబరిస్తుంది, మేం మనిషిని పంపిస్తాం. మా దగ్గర అమ్ముకోవడానికి ఉన్న సరుకు అదొక్కటే. మెగాబిట్లు అందరి దగ్గరా ఒకటే, పాట్నాలో కొన్నా పాలకొల్లులో కొన్నా. నెట్ పోయినప్పుడు ఎంతసేపట్లో తిరిగొస్తుందన్నదే మా వ్యాపారం. కస్టమరు ఇరవై రూపాయల తేడా కోసం పోడు. రెండు రోజులు ఎర్ర లైటు చూస్తే పోతాడు. పోయినవాడు మళ్ళీ రాడు, ఎందుకంటే అవతలివాళ్ళు అప్పటికే ఆరు నెలల డబ్బు కట్టించుకుని ఉంటారు.

అందుకే ప్రశ్నల సమయంలో లేచి నిలబడి ఒక్కటే అడిగాను. "సార్, నా వైరే కోసేస్తుంటే సర్వీసు ఎలా ఇవ్వాలి?" అది ఈ సదస్సు పరిధిలోకి రాదన్నారు. భోజనానికి లేచారు.

వైరు కోయడమంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ ఇళ్ళ బాధ ముందు నా బాధ ఏపాటిదీ కాదు, ఆ సంగతి మొదటే ఒప్పుకుంటున్నాను. తర్వాత నగరంలో స్తంభాల మీద కేబుళ్ళు కోసేశారు, వ్యవహారం హైకోర్టుదాకా వెళ్ళింది. ఆ గాలి మా ఊరికీ వచ్చింది. ఒక సోమవారం పొద్దున్నే నిచ్చెనలు వేసుకుని వచ్చి, బస్టాండు రోడ్డులో పదకొండు స్తంభాల మీద ఉన్నదంతా కటింగ్ ప్లేయరుతో కత్తిరించి కింద పడేశారు. నోటీసు లేదు. ఏది ఎవరిదని అడగలేదు. పదేళ్ళ క్రితం మూతపడ్డ కేబుల్ టీవీ వాడి ఎండిపోయిన కోయాక్స్ వైరూ, నిన్న వేసిన నా 24 కోర్ (24 గాజు పోగుల) ఫైబరూ ఒకే కుప్పలో పడ్డాయి.

మా వాళ్ళ తప్పు లేదని నేననను. పనికిరాని వైర్లు దించకుండా వదిలేసినవాళ్ళున్నారు, మనిషి తలకు తగిలేంత కిందికి వేలాడదీసినవాళ్ళున్నారు. అలాంటివి తీసేయాల్సిందే, తీసిన ఖర్చు వాళ్ళ దగ్గరే వసూలు చేయాల్సిందే. ఇంకో మాట కూడా నిజం చెప్పుకోవాలి. ఫైబరంటే గాజు, దాంట్లో కరెంటు పారదు అని మా సంఘం వాళ్ళు టీవీలో చెబుతుంటారు. అది సగం నిజం. గాజులో పారదు, కానీ దాన్ని మోయడానికి పక్కన పెట్టే ఉక్కు తీగలో పారుతుంది. లోహం బొత్తిగా లేని కేబుల్ దొరుకుతుంది, కాకపోతే ఖరీదు ఎక్కువ. ఏ స్తంభం మీద ఏ రకం వేయాలో, కరెంటు తీగకు ఎంత కింద వేయాలో కాగితం మీద రాసి ఇవ్వండి, ఆ ఖర్చు భరించి మార్చుకుంటాం. అడిగింది ఇదే. మాకు దొరికింది కటింగ్ ప్లేయరు.

24 కోర్ తెగితే అతికించడం రాగి తీగ మెలిపెట్టినట్టు కాదు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, ఇలా వరసగా ఒక్కో పోగునూ ఒలిచి, స్పిరిటుతో తుడిచి, కొస సమంగా కోసి, మెషీనులో పెట్టి కరిగించి కలపాలి. వెంట్రుకంత గాజు. చేయి వణికితే మళ్ళీ మొదటికే. పదకొండు స్తంభాల దూరం కొత్త కేబుల్ లాగి, రెండు చివరలా ఇరవైనాలుగేసి జాయింట్లు వేయాలి. ఆ రాత్రి వాన. మా కుర్రాడు తలకు టార్చి కట్టుకుని ఆటోలో కూర్చుని స్ప్లైసింగ్ చేశాడు, ఇంకొకడు పైన గొడుగు పట్టాడు. రెండు గంటలకు మెషీను బ్యాటరీ అయిపోయింది. పక్కనే ఉన్న టీ కొట్టాయన లేచి ప్లగ్గు ఇచ్చాడు. తెల్లారేసరికి సగం ఊరికి నెట్ వచ్చింది. మిగతా సగానికి బుధవారం సాయంత్రమైంది.

ఆ రెండున్నర రోజుల్లో మీసేవ కేంద్రం షట్టరు దించుకుంది. ఇంటి నుంచి పనిచేసే అమ్మాయి ఒకతె మా ఆఫీసులో కుర్చీ వేసుకుని, మాకు మిగిలిన ఒక్క లైను మీద రాత్రంతా డ్యూటీ చేసింది, మా ఆవిడ ఆమెకు తోడుగా కూర్చుంది. మంగళవారం మధ్యాహ్నానికే మా వీధుల్లో ఒక పెద్ద కంపెనీ సేల్స్ కుర్రాళ్ళు దిగారు. వాళ్ళ దగ్గర గోడకు తగిలించే డబ్బా ఉంది, గాల్లోంచి 5జీ సిగ్నల్ అందుకుంటుంది. దానికి స్తంభంతో పని లేదు. "మీ కేబుల్ అన్న వైరు మళ్ళీ రేపు కోస్తారు, ఎల్లుండీ కోస్తారు, మాది కోయడానికి వైరే లేదు" అని ఇంటింటికీ చెప్పారు. మార్కెటింగంటే అదీ! సదస్సులో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు మాకు. ఆ వారంలో డెబ్బైమూడు కనెక్షన్లు పోయాయి. ఒక్కో ఇంటికి లోపల పెట్టే ఓఎన్‌టీ డబ్బా, స్తంభం నుంచి ఇంటికి లాగే డ్రాప్ వైరు, కూలీ కలిపి పెట్టిన డబ్బు రావడానికే నాకు నెలలు పడుతుంది. వాటిలో చాలా ఇళ్ళు ఇంకా నాకు బాకీనే. గాలి కనెక్షను రావొద్దని నేననను, ఉపగ్రహం నుంచి ఇస్తామన్నవాళ్ళకు 2025 జూన్‌లో లైసెన్సు ఇచ్చారు, మంచిదే. ఆకాశంలో దారి దొరికింది, నాకు స్తంభం మీద జానెడు చోటు దొరకట్లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మీదే, నేను చెప్పేదేముంది. 14వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. మీరు అధికారమిచ్చిన అధికారి ముందస్తు అనుమతి లేకుండా ఏ ప్రభుత్వ సంస్థా టెలికాం నెట్‌వర్కును బలవంతంగా మూసేయకూడదని, ప్రకృతి విపత్తులూ అత్యవసర పరిస్థితులూ మాత్రమే మినహాయింపని అందులో ఉంది. దాన్ని ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నిచ్చెన మీదున్న మనిషికి కిందనుంచి చూపించాను. "ఇది ఢిల్లీ కాగితం అన్నా, మాది పైనుంచి ఆర్డరు" అన్నాడు. నిచ్చెన ఎక్కినవాడికంటే పైన ఎవరుంటారో నాకు తెలియదు. మీకు తెలిసే ఉంటుంది.

స్తంభం ఎవరిదని కరెంటు ఆఫీసులో అడిగితే స్తంభం మాదే, కానీ వీధి దీపం మునిసిపాలిటీది, అక్కడ అడగమన్నారు. మునిసిపాలిటీ వాళ్ళు రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్ళదన్నారు. ఆర్ అండ్ బీలో ఆయన మంచివాడు, టీ తెప్పించాడు, తవ్వితే మా దగ్గరికి రండి, వేలాడదీస్తే మాకు సంబంధం లేదన్నాడు. మీ ఆఫీసులో అడిగితే విద్యుత్తు రాష్ట్రానిది అన్నారు. తవ్వుదామంటే తవ్వడానికయ్యే ఖర్చుతో నేను పదకొండు వందల ఇళ్ళకూ ఏడాది ఉచితంగా నెట్ ఇవ్వొచ్చు.

వైర్లు వేసుకునే దారి అనుమతుల (రైట్ ఆఫ్ వే) మీద రాసిన 2016 రూల్స్‌లో 60 రోజుల్లో జవాబివ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే అన్నారు. 2022 సవరణలో వీధి స్తంభం మీద వైరు వేస్తే స్తంభానికి ఏడాదికి 100 రూపాయలు అన్నారు. అదే ఏడాది మేలో ఈ అనుమతుల దరఖాస్తులకు గతిశక్తి సంచార్ పోర్టల్ తెచ్చారు. మళ్ళీ 2024 రూల్స్ రాసి 2025 జనవరి 1 నుంచి అమలన్నారు. ఎన్నిసార్లు రాసినా బాగానే రాశారు. కానీ ఆ 'ఇచ్చినట్టే' అన్న అనుమతి ఎలా ఉంటుందండీ? దానికి సంతకం ఉంటుందా, నంబరుంటుందా? గడువు దాటిన మర్నాడు పొద్దున నిచ్చెనతో వచ్చినవాడికి నేను ఏం తీసి చూపించాలి, క్యాలెండరా?

లైసెన్సు ఫీజు గురించి ఎక్కువ రాయను, దాని మీద రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏజీఆర్‌లో, అంటే సర్దుబాటు చేసిన మా స్థూల ఆదాయంలో, 8 శాతం. అందులో 5 శాతం డిజిటల్ భారత్ నిధికి, అంటే పల్లెలకు నెట్ తీసుకెళ్ళడానికి. పల్లెకు నెట్ తీసుకెళ్తున్నది నేనే, తీసుకెళ్ళినందుకు కడుతున్నదీ నేనే. ఫిక్స్‌డ్ బ్రాడ్‌బ్యాండ్ మీద కనీసం ఐదేళ్ళు ఈ ఫీజు తీసేయమని 2021 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయే సిఫారసు చేసింది, ఆ కాగితం మీద ఎంత దుమ్ము పడి ఉంటుందో. ప్రతి మూణ్ణెల్లకూ లెక్కలు కడుతున్నాం, ఎవరు ఎప్పుడు నెట్ వాడారన్న రికార్డులు (లాగ్స్) రెండేళ్ళవి దాస్తున్నాం, సైటు బ్లాక్ చేయమన్న ఈమెయిల్ అర్ధరాత్రి వచ్చినా లేచి చేస్తున్నాం. ఇంతచేసీ మేం మీ లెక్కలో లైసెన్సీలం. నిచ్చెన మీదివాడి లెక్కలో అక్రమ వైరు.

సదస్సులో ఆ కుర్రాడు కేరళ విజన్ పేరు చెప్పాడు. కేబుల్ ఆపరేటర్లు కలిసి పెట్టుకున్న సంస్థ, ట్రాయ్ నెలవారీ లెక్కల్లో వైరు బ్రాడ్‌బ్యాండ్ మొదటి ఐదింటిలో జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ లాంటి పేర్ల సరసన కనబడుతుంది. మీరూ కలవండి అన్నాడు. కలుస్తాం. మా జిల్లాలో పదిహేనుమందిమి ఇప్పటికే రెండుసార్లు కూర్చున్నాం. రెండుసార్లూ చర్చ బ్యాండ్‌విడ్త్ కలిపి కొనడం దగ్గర మొదలై స్తంభాల దగ్గర ఆగిపోయింది. ఒకాయన లేచి "కలిసి కోయించుకోవడానికా" అన్నాడు. నవ్వుకుని లేచిపోయాం.

అయ్యా, నేను సబ్సిడీ అడగట్లేదు. కోసేముందు ఒక నోటీసు ఇప్పించండి. పదిహేను రోజులు కాకపోతే మూడు రోజులు, అదీ కాకపోతే ముందురోజు సాయంత్రం ఒక ఫోను. ఎవరి వైరు ఏదో ట్యాగు కట్టుకోమనండి, కట్టని వాడిది కోయమనండి, నేనే నిచ్చెన పట్టుకుంటాను. అద్దె ఎంతో, ఏ కౌంటర్లో కట్టాలో, ఏ పేరున రసీదు ఇస్తారో రాష్ట్రంతో మాట్లాడి ఒక్క కాగితం మీద రాయించండి. ఒక్క నోటీసు ఇప్పించండి మహాప్రభో. ఇది రాష్ట్రం పని అని మళ్ళీ రాసేట్టయితే ఆ మాటైనా సంతకం పెట్టి రాయండి, కనీసం పట్టుకుని తిరగడానికి నా దగ్గర ఇంకో కాగితం ఉంటుంది.

సదస్సులో మీవాళ్ళిచ్చిన ఫోల్డరు బాగుంది, గట్టి అట్ట. అందులోనే ఈ లేఖ అసలు ప్రతిని, దాంతోపాటు నా వైరు వెళ్ళే 212 స్తంభాల నంబర్ల జాబితాను పెట్టి పంపుతున్నాను. ప్రతి నంబరు పక్కనా మూడు గళ్ళు గీశాను: కరెంటు వాళ్ళది, మునిసిపాలిటీది, ఎవరిదో తెలియదు. తీరిక ఉన్నప్పుడు టిక్కు పెట్టించి పంపండి. తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు లోపలే ఉంది.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక సీ కేటగిరీ లైసెన్సీ

జత: స్తంభాల జాబితా, 5 పేజీలు. బస్టాండు రోడ్డులోని పదకొండు స్తంభాలకు ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.