పిండాన్ని గర్భసంచిలో పెట్టే ముందు (ట్రాన్స్‌ఫర్‌కు ముందు) ఈ ఇంజెక్షన్లు ఎందుకంటే

బుజ్జితల్లీ,

పిండాలు ఫ్రీజ్ చేసి పెట్టాక ఇంకా రెండు మూడు నెలలు ఆగడం దేనికని అడిగావు. పిండానికి అక్కడ వయసు పెరగదు, కంగారు లేదు. ఆగేది గర్భసంచి కోసం. నీకున్న అడినోమయోసిస్ జబ్బులో గర్భసంచి లోపలి పొర కణజాలం దాని కండరంలోకి చొచ్చుకుపోతుంది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ హార్మోన్ అందుతున్నంత కాలం అక్కడ వాపు తగ్గదు, కండరం అస్తమానం ముడుచుకుంటూ ఉంటుంది. పిండం అతుక్కోవడానికి రెండూ అడ్డే. అండాశయాల పని కొన్నాళ్లు ఆపి ఆ ఈస్ట్రోజెన్‌ను తగ్గించడమే ఇంజెక్షన్ పని.

ఎక్కువగా వాడేది ల్యుప్రోలైడ్ డిపో (ఒంట్లో నెమ్మదిగా విడుదలయ్యే ఇంజెక్షన్): 3.75 మి.గ్రా. నెలకొకటి చొప్పున రెండు మూడు, లేదంటే మూడు నెలలకు కలిపి 11.25 మి.గ్రా. ఒకటే. మొదటిది పడ్డాక వారం పది రోజులు హార్మోన్లు తగ్గకపోగా పెరుగుతాయి. నొప్పి ఎక్కువైనా, రెండు మూడు వారాల్లో బ్లీడింగ్ అయినా మందు పనిచేయలేదనుకోకు. రెండో ఇంజెక్షన్ తేదీ మాత్రం దాటనివ్వకు; అండాశయం మళ్లీ పని మొదలుపెడితే మొదటి నెల కష్టం వృథా. ఒళ్లంతా వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, చిరాకు ఉంటాయి, అల్లుడికీ ముందే చెప్పు. ఎముకలు పలచబడేది ఆరు నెలలు దాటితేనే ఎక్కువ. అయినా కాల్షియం, విటమిన్ డి సంగతి డాక్టర్‌ను అడుగు.

అసలు చిక్కు చివరి ఇంజెక్షన్ తర్వాత వస్తుంది. లోపలి కణజాలం చచ్చిపోలేదు, ముడుచుకుంది అంతే. మందు ప్రభావం పోతే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. అందుకే థైరాయిడ్ పరీక్ష, హిస్టెరోస్కోపీ (గర్భసంచి లోపల కెమెరాతో చూడటం) లాంటివేమైనా మిగిలి ఉంటే ఈ నెలల్లోనే ముగించు. నెలకొకటి వాడితే, చివరి డోసు పడిన నాలుగు వారాలకు స్కాన్, రక్తపరీక్ష చేస్తారు. రక్తంలో ఈస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం) 50 పికోగ్రా./మి.లీ. లోపు, గర్భసంచి లోపలి పొర 5 మి.మీ. లోపు ఉంటే ఈస్ట్రాడయోల్ వాలరేట్ అనే ఈస్ట్రోజెన్ మాత్ర 2 మి.గ్రా. రోజుకు మూడుసార్లు మొదలుపెడతారు.

తగ్గించిన హార్మోన్‌నే మళ్లీ ఇస్తున్నారేమిటని నీకు అనిపించవచ్చు. పొర పెరగాలంటే అది తప్పదు. ఆ కొద్ది వారాల్లో జబ్బు మళ్లీ పూర్వస్థితికి రాదు. ఇన్నాళ్లు అణిగి ఉన్న పొర నెమ్మదిగా పెరుగుతుంది. 14 రోజులకు 7 మి.మీ. రాకపోతే మోతాదు పెంచుతారు, లేదా ఇంకో వారం చూస్తారు. అంతమాత్రాన ఈ విడత చికిత్స పాడైనట్టు కాదు. తర్వాత ప్రొజెస్టరాన్, అంటే గర్భాన్ని నిలబెట్టే హార్మోన్, ఇస్తారు. ల్యాబ్‌లో ఐదో రోజు దాకా పెంచిన పిండమైతే, ప్రొజెస్టరాన్ మొదలైన ఆరో రోజున ట్రాన్స్‌ఫర్. ప్రొజెస్టరాన్ మొదటి డోసు ఏ పూట వేసుకున్నావో రాసిపెట్టుకో, లెక్కంతా దాని మీదే.

ఇంజెక్షన్లు వాడితే గర్భం ఖాయమని ఎవరన్నా నమ్మకు. అధ్యయనాల ఫలితాలు ఒకేలా లేవు. గర్భసంచి బాగా పెద్దదై, జబ్బు అంతటా పరుచుకున్న వాళ్లకు ఈ పద్ధతి వైపు మొగ్గు చూపడం సబబే. ఒక చోట చిన్నగా ఉంటే అవసరమా అని గట్టిగా అడుగు.

పరీక్ష పాజిటివ్ వచ్చాక కొంచెం రక్తం కనిపించినా మందులు నీ అంతట నువ్వు ఆపకు. ఈ పద్ధతిలో అండం విడుదల కాదు కనుక శరీరం సొంతంగా ప్రొజెస్టరాన్ తయారుచేయదు. మాయ (ప్లాసెంటా) ఆ పని అందుకునేదాకా, అంటే 10–12 వారాల వరకు, ఆ మందులే ఆధారం.

– అమ్మ