నాలుగంగుళాల అలమారా ఊరంతా వెతికినా దొరకలేదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ అనుబంధంలో బాత్రూమ్‌ల అలంకరణ మీద రెండు పేజీలు వేశారు. ఫొటోలు బాగున్నాయి, కాదనను. కానీ ఒక్కో బాత్రూమూ మా హాలంత ఉంది. కిటికీ పక్కన టబ్బు, టబ్బు పక్కన కుండీలో మొక్క, గోడ పొడుగునా అద్దం. వెతికి వెతికి చూశాను, ఒక్క ఫొటోలో బకెట్టూ మగ్గూ లేవు, తలుపు వెనక మేకుకి వేలాడే తువ్వాలు లేదు. అక్కడ స్నానం చేసేవాళ్లెవరో గానీ వాళ్లకి పేస్టు, బ్లేడు, కొబ్బరినూనె సీసా లాంటివి ఉండవు కాబోలు. ఉంటే అవి ఎక్కడ పెట్టుకుంటారో చూపించాలి కదా.

మా సంగతి చెప్తాను. పెదవాల్తేరులో మాది పదిహేనేళ్ల కిందటి ఫ్లాట్. బాత్రూమ్ వెడల్పు 4 అడుగులు, పొడవు 7. స్నానం, మరుగుదొడ్డి, వాష్ బేసిన్ అన్నీ అందులోనే. స్నానాల గది, మరుగుదొడ్డి కలిపి కడితే కనీసం 2.8 చదరపు మీటర్లు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఉంది. అంటే 30 చదరపు అడుగులు. మాది 28. ఆ మిగతా రెండడుగులు మా బిల్డరు ఎవరి వాటాలో కలిపాడో ఆయనకే తెలియాలి.

ఇందులో బేసిన్ పైన తగిలించడానికి ఒక చిన్న అద్దం అలమారా కావాలి, అంతే. షాపుల్లో దాన్నే మెడిసిన్ కేబినెట్ అంటున్నారు. అద్దం తలుపు తీస్తే మూడు అరలు. లైటు అక్కర్లేదు, నగిషీ అక్కర్లేదు. దీని కోసం మావారూ నేనూ డాబాగార్డెన్స్ నుంచి గాజువాక దాకా మూడు ఆదివారాలు తిరిగాం. మా పెళ్లికి చీరలు కొన్నప్పుడు కూడా ఇంత తిరగలేదు.

ఎక్కడికెళ్లినా చూపించేది ఒకటే రకం. రెండడుగుల వెడల్పు, చుట్టూ ఎల్‌ఈడీ, చెయ్యి పెడితే వెలిగే స్విచ్చి, ఆవిరి పట్టకుండా అద్దం వెనక హీటరు. ఒకదానికైతే బ్లూటూత్ స్పీకర్ కూడా ఉంది. "సింపుల్‌గా ఉన్నది చూపించు బాబూ" అంటే ఆ అబ్బాయి లోపలికెళ్లి తెల్ల ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చాడు, తలుపు మీద రెండు హంసలు. "ఇదే మేడమ్ సింపుల్" అన్నాడు. లోతెంత అని అడిగితే అతనికి తెలీదు, పెట్టె మీదా రాసి లేదు. వెడల్పూ ఎత్తూ రాస్తారు, లోతు మాత్రం రాయరు. కొలిస్తే ఆరంగుళాలు.

ఈ లోతు గోలేంటని చదివేవాళ్లు నవ్వుకోవచ్చు. నాకూ ముందు తెలీలేదు. మావారు చెప్పుల డబ్బా అట్టని ఆరంగుళాల లోతుకి మడిచి, బేసిన్ పైన టైల్స్‌కి టేపుతో అతికించి, "రెండ్రోజులు ఇలా ఉంచి చూద్దాం" అన్నారు. ఆ సాయంత్రమే నేను మొహం కడుక్కుని లేస్తూ నుదురు కొట్టుకున్నాను. అట్ట కాబట్టి సరిపోయింది. మర్నాడు దాన్ని నాలుగంగుళాలకి కోశారు. ఇక తగల్లేదు. నాలుగంగుళాల్లో ఏం పడతాయని కూడా చూసుకున్నాం. పేస్టు ట్యూబు నిలబడుతుంది, కొబ్బరినూనె చిన్న సీసా పడుతుంది, షేవింగ్ బ్రష్షు పడుతుంది. పట్టనిది షాంపూ పెద్ద సీసా ఒక్కటే, దాన్ని ఎలాగూ నేలమీదే పెడతాం. చిన్న బాత్రూమ్ ఉన్నవాళ్లెవరైనా కొనేముందు ఈ అట్ట పని చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇక సముద్రం. మాకు బీచ్ రోడ్డు నడిచి వెళ్లేంత దూరం. సాయంత్రం గాలి హాయిగానే ఉంటుంది గానీ ఆ ఉప్పు గ్రిల్సునీ తాళాలనీ ఏదీ వదలదు. ఇంట్లో దిగినప్పుడు కొన్న మొదటి అలమారా చెక్క పొట్టుతో చేసిన పలక. రెండో వర్షాకాలానికి దాని అడుగు పూరీలా పొంగింది. కీళ్లు ఇనుపవి, పైన మెరుపు పూత. పూత ఊడాక అక్కణ్ణుంచి తెల్ల టైల్స్ మీద కాఫీరంగు చార ఒకటి కిందికి దిగింది, ఎంత తోమినా పోలేదు, ఇప్పటికీ ఉంది. అద్దం కూడా అంచుల నుంచి నల్లబడుతూ లోపలికొచ్చింది. అద్దం వెనక వెండిపూతకి రంగు కాపలా ఉంటుంది, కోసిన అంచు దగ్గర ఆ కాపలా ఉండదు, తేమ అక్కణ్ణుంచే దూరుతుంది. అంచులకి సిలికాన్ పూసి అమ్మితే పోయేదానికి ఎవరూ పుయ్యరు.

కాబట్టి ఈసారి స్టీలే అనుకున్నాం. పూర్ణా మార్కెట్ వైపు ఒక హార్డ్‌వేర్ షాపాయన జేబులోంచి అయస్కాంతం తీసి డబ్బాకి ఆనించి, "చూడండమ్మా, అంటుకోలేదు, అసలు స్టెయిన్‌లెస్" అన్నాడు. మావారు మెకానికల్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు, ఆయన దగ్గర ఈ పప్పులు ఉడకవు. అయస్కాంతానికి మామూలు ఇనుము దొరికిపోతుంది గానీ స్టెయిన్‌లెస్‌లో 202 రకమూ 304 రకమూ రెండూ దాదాపు అంటుకోవు. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. 202లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. కంటికి రెండూ ఒకేలా మెరుస్తాయి, ఉప్పుగాలిలో 202 ముందు మచ్చపడుతుంది. 316 అని ఇంకోటుంది, అందులో మాలిబ్డినం కూడా ఉంటుంది, సముద్రం పక్కన అదే మేలు, కానీ ఒక పేస్టు డబ్బాకి అంత పెట్టలేం. "బిల్లు మీద 304 అని రాసివ్వండి" అన్నారు మావారు. షాపాయన నవ్వి అయస్కాంతం జేబులో వేసుకున్నాడు. మేం బయటికొచ్చేశాం. ఉక్కునగరం ఉన్న ఊళ్లో తుప్పు పట్టని డబ్బా దొరకట్లేదని నేను విసుక్కుంటే, మన ప్లాంటులో తయారయ్యేది కడ్డీలూ వైర్ రాడ్లూ, స్టెయిన్‌లెస్ కావాలంటే సేలం వెళ్లాలని దారంతా క్లాసు పీకారు.

ఇంకోమాట, ఇది మా ఇంటి తప్పే. వారానికోసారి టైల్స్ మీద యాసిడ్ పోసి కడిగించేవాళ్లం. ఆ పొగ చాలు, 304 మీద కూడా గోధుమరంగు చుక్కలు లేపడానికి. కుళాయి మీద చుక్కలు చూసి కంపెనీని తిట్టుకున్నాం, కారణం మా యాసిడ్ సీసా. ఇప్పుడు సబ్బునీళ్లే.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. దాని ఇంట్లో ఈ అలమారా గోడలోపలే ఉంది, అద్దం లాగితే అరలు కనిపిస్తాయి, బయటికి అరంగుళం కూడా పొడుచుకు రాదు. నాకు అసూయ పుట్టిన మాట నిజం. వాళ్ల గోడలు చెక్క నిలువులకి జిప్సం పలకలు కొట్టినవి. నిలువుకీ నిలువుకీ మధ్య పద్నాలుగున్నర అంగుళాల ఖాళీ, లోతు మూడున్నర. ఆ ఖాళీకి సరిపోయే కొలతలోనే డబ్బాలు అమ్ముతారు. పాతకాలం వాటిలో వెనక సన్నని చీలిక ఉండేదట, వాడేసిన బ్లేడు అందులో పడేస్తే గోడ లోపలికి జారిపోయేది. ఆ గోడ పడగొట్టేవాడి గతి ఏమిటో! మనవి ఇటుక గోడలు. లోపలి అడ్డగోడ మందం నాలుగున్నర అంగుళాలు, అందులో నాలుగంగుళాలు తొలిస్తే పక్క గదిలోంచి మనం కనిపిస్తాం. ఇప్పుడొస్తున్న పెద్ద టవర్లలో చాలావాటికి గోడంతా కాంక్రీటే, తొలవనే కూడదు.

కానీ ఎడిటర్ గారూ, గోడలో గూడు అనేది మనకి కొత్తా? విజయనగరం దగ్గర మా తాతగారి ఇంట్లో నూతి పక్కన స్నానాల గదికి మట్టిగోడ, గోడలో జానెడు గూడు. అందులో సున్నిపిండి డబ్బా, కుంకుడుకాయల మూకుడు, తాతగారు గడ్డం గీసుకునే కత్తి. తుప్పు పట్టడానికి ఆ గూటికి ఇనుప కీళ్లు లేవు, తలకి తగలడానికి బయటికి రాదు. కట్టేటప్పుడే మేస్త్రి అంత చోటు ఖాళీగా వదిలేసేవాడు, అంతే ఖర్చు. ఇప్పుడు కూడా బయటి గోడ తొమ్మిదంగుళాలు కడితే అందులో గూడు వదలొచ్చు, కాంక్రీటు గోడలైతే ముందే ప్లానులో గియ్యాలి. మూడొందల రకాల టైల్స్ చూపించే బిల్డర్లకి ఈ ఒక్క గూడు ఎందుకు గుర్తుకురాదు?

అసలు విషయం ఇంకోటుంది. మెడిసిన్ కేబినెట్ అన్నారు కదా అని మేం పాత అలమారాలో మందులే పెట్టేవాళ్లం. మా అత్తయ్యకి 78 ఏళ్లు. పరగడుపున థైరాయిడ్ మాత్ర, తర్వాత బీపీది, గుండెకి చిన్న డోసు ఆస్పిరిన్. ఆవిడ వేళ్లతో షీటు చింపలేదు, అందుకని వారానికి సరిపడా మాత్రలు విప్పి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పళ్లు తోముకోగానే అందేలా బాత్రూమ్‌లో ఉంచేదాన్ని. పక్కనే గీజరు, తలుపు వేసి నలుగురి స్నానాలయ్యేసరికి గోడలు చెమటలు పట్టేవి. ఒకరోజు డబ్బా మూత తీస్తే నూడుల్స్ బండి దగ్గర వచ్చే వెనిగర్ వాసన గుప్పుమంది. ఎవరో సాస్ ఒలకబోశారనుకుని డబ్బా కడిగాను కూడా. మళ్లీ వారం అదే వాసన. కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గర మందుల షాపాయనకి చూపిస్తే వాసన చూసి, "అమ్మా, వేన్నీళ్ల ఆవిరి తగిలే చోట పెట్టారా?" అన్నాడు. ఆస్పిరిన్ తేమ పీల్చుకుంటే సాలిసిలిక్ ఆమ్లంగా, అసిటిక్ ఆమ్లంగా విడిపోతుందట. వెనిగర్ వాసన ఆ రెండోదానిది. అది వస్తే మాత్ర చెడినట్టే, పారెయ్యాలి. థైరాయిడ్ మాత్రలకి కూడా తేమ పడదు, వాటిని వాటి డబ్బాలోనే ఉంచాలన్నాడు. గుండె కోసమని రోజూ నా చేత్తో ఇచ్చిన మాత్రలో మందెంత మిగిలిందో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

షీటు మీద సన్న అక్షరాల్లో 30 డిగ్రీలు దాటని చోట, తేమా వెలుతురూ తగలకుండా ఉంచమని ఉంటుంది. మే నెలలో విశాఖలో అలాంటి చోటు ఎక్కడుందో ఆ కంపెనీవాళ్లే చెప్పాలి, అయినా బాత్రూమ్ మాత్రం కాదు. పొయ్యి పైన అరా కాదు, ఫ్రిజ్ నెత్తీ కాదు, అక్కడా వేడే. ఇప్పుడు అత్తయ్య మందులు పడగ్గది బీరువాలో చీరల అర పక్కన, షీట్లు విప్పకుండా స్టీలు డబ్బాలో ఉంటున్నాయి. పొద్దున్నే నేనే కత్తిరించి ఇస్తున్నాను. "మందు కంటే నీ కత్తెర కోసం ఎక్కువసేపు కూచుంటున్నానే" అంటుంది.

చివరికి అలమారా ఎలా దొరికిందంటారా, దొరకలేదు, చేయించాం. ఆటోనగర్‌లో గేట్లు చేసే ఒక షెడ్డులో. "ఇంత చిన్న డబ్బా ఎవలూ అడగరమ్మా" అని ఆ అబ్బాయి ముందు నవ్వాడు, తర్వాత అతనికే సరదా పుట్టింది. 14 అంగుళాల వెడల్పు, 20 ఎత్తు, 4 లోతు, 304 రేకు, మూడు అరలు, నీళ్లు నిలవకుండా అడుగున ఐదు చిల్లులు, అంచులకి సిలికాన్ పూసిన అద్దం. చిల్లుల ఆలోచన అతనిదే. 400కె బస్సులో మావారు ఒళ్లో పెట్టుకుని తెచ్చారు, దాని అద్దంలో ఎదురు సీటు ఆవిడ జడ సర్దుకుందట. మూడు వేలైంది. హంసల డబ్బా కంటే ఎక్కువే. గోడకి బిగించేటప్పుడు కుళాయికి నేరుగా పైన డ్రిల్లు పెట్టొద్దని ప్లంబరు చెప్పాడు, పైపు అటే వెళ్తుందట.

ఆ షెడ్డు అబ్బాయి చేయగలిగింది షాపులవాళ్లు తెప్పించలేరా? తెప్పించకపోయినా కనీసం పెట్టె మీద లోతు, బిల్లు మీద స్టీలు రకం రాయమనండి. మీరు కూడా ఈసారి అనుబంధంలో 28 చదరపు అడుగుల బాత్రూమ్ ఒకటి వెయ్యండి. మాదే కావాలంటే ఫొటోగ్రాఫర్‌ని పంపండి. ఒక్కరినే పంపండి, ఇద్దరైతే తలుపు పడదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం