గేర్ కేసు స్క్రూ ఊడింది: సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్

జూన్ 14తో చేపల వేట నిషేధం అయిపోయింది. 15 తెల్లారేసరికి మా ఉప్పాడ తీరంలో బోట్లన్నీ నీళ్లమీదున్నాయి, మా నాన్న బోటుతో సహా. కొందరు పూనుకోకపోతే మా ఇంజను ఇంకా ఇసకలో స్టాండు మీదే ఉండేది. వాళ్లకి ఫోన్లో చెప్పిన థ్యాంక్స్ చాలదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

మాది 9.9 హార్స్‌పవర్ అవుట్‌బోర్డు మోటారు, అంటే బోటు వెనక తగిలించే ఇంజను. నిషేధం రోజుల్లోనే గేర్ ఆయిల్ మార్చేద్దామని మొదలెట్టాం. నీళ్లలో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లరు) దగ్గరుండే గేర్ కేసుకి రెండు స్క్రూలు. కిందిది ఆయిల్ దింపడానికి, పైది లెవెల్ చూడ్డానికి. పైది వచ్చేసింది. సన్నటి తీగ ముంచి చూస్తే ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంది. లోపలికి ఉప్పునీళ్లు దిగాయన్నమాట. అలాగే వదిలేస్తే బేరింగులూ గేర్లూ తుప్పుపట్టి పోతాయి. కింది స్క్రూ చూస్తే కదలదు, మెదలదు. అంతకుముందు సర్వీసు చేసినతను చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పేసి దాని గాడి అంతా అరగ్గొట్టాడు. ఆపైన ఉప్పునీళ్లకి స్టీలు స్క్రూ, అల్యూమినియం కేసు ఒకదాన్నొకటి కరుచుకుపోయాయి.

పక్క బోటు తమ్ముళ్లు డ్రిల్లు మిషను పట్టుకుని వచ్చేశారు. మనసు మంచిదే, పాపం. ఆ టైముకి విశాఖ నుంచి మా బావ వీడియో కాల్ చేసి "ముందా డ్రిల్లు దించండ్రా" అని అరిచాడు. బిట్టు కాస్త పక్కకి జారితే కేసు మరలు పోతాయి, అప్పుడు స్క్రూ ఖర్చు కాదు, గేర్ కేసు ఖర్చు. స్క్రూ తల కేసులోకి దిగి ఉంటుంది కాబట్టి ఏక్సా బ్లేడుతో కొత్త గాడి కొయ్యడానికీ వీల్లేదు. కాకినాడ జగన్నాథపురంలో తనకి తెలిసిన, లేతు మిషను పని చేసే మావయ్యగారి నంబరు ఇచ్చింది బావే.

మావయ్యగారు వస్తూనే పనిముట్లు తియ్యలేదు. స్క్రూ చుట్టూ డీజిలు, ఆయిలు కలిపి పోసి, "రేపొస్తా" అని వెళ్లిపోయారు. మా నాన్న మొహం చూడాలి! మర్నాడు వచ్చి, ఫ్యాను షాఫ్టు సీలుకి వేడి తగలకుండా తడిగుడ్డ చుట్టి, పై స్క్రూ తీసే ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, చిన్న గ్యాసు టార్చితో కేసుని మాత్రం వేడిచేశారు. స్టీలుకన్నా అల్యూమినియం ఎక్కువ సాగుతుందట, అందుకని మంట స్క్రూ మీద పడనివ్వకూడదన్నారు. తర్వాత సన్న ఉలితో పాత గాడినే కాస్త లోతు చేశారు. దానికి అతికినట్టు సరిపోయేదాకా ఇంపాక్ట్ డ్రైవరు (వెనక సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవరు) బిట్టుని గ్రైండరు మీద అరగదీశారు. పనంతటిలో ఎక్కువసేపు పట్టింది అదే. బిట్టు పెట్టి, సుత్తితో ఒక్కటి గట్టిగా వేస్తే "టక్"మంది. స్క్రూ చుట్టూ తెల్ల పొడి రాలింది. ఇంకో దెబ్బకి పావు చుట్టు తిరిగింది. మిగతాది చేత్తోనే వచ్చేసింది.

ముందు నీళ్లు కారాయి, వెనకాల తెల్లటి ఆయిల్. రజను లోపల పడకుండా ట్యాపుకి (మరలు కోసే పనిముట్టుకి) గ్రీజు పూసి కేసు మరల్లో చేత్తో తిప్పి చూశారు. మూతి దగ్గర కొంచెం దెబ్బతింది తప్ప మర గట్టిగానే ఉంది. "లేతు మీద స్క్రూ చేసివ్వండి" అంటే ఒప్పుకోలేదు. "చెయ్యగలను. కంపెనీది దొరుకుతున్నప్పుడు నాది ఎందుకు?" అన్నారు. పని వచ్చినవాళ్లే ఆ మాట అనగలరు. కూలి మాత్రం అడిగి తీసుకున్నారు. అది కూడా నాకు నచ్చింది.

కొత్త స్క్రూ, రెండు కొత్త వాషర్లు బావ విశాఖలో కొని ఆర్టీసీ కార్గోలో వేశాడు. పాత వాషర్లు నలిగి రేకులైపోయాయి, నీళ్లు దిగింది అక్కడినుంచేనని మావయ్యగారి అనుమానం. కొత్త ఆయిల్ కింది రంధ్రంలోంచి పంపుతో ఎక్కించి, పైనుంచి బుడగల్లేకుండా కారాక ముందు పై స్క్రూ, తర్వాత కిందిది బిగించాం. వేటకి వెళ్లొచ్చాక మళ్లీ చూశాం, ఆయిల్ రంగు మారలేదు.

మావయ్యగారూ, మీకు నమస్కారాలు. బావా, ఆ స్క్రూ డబ్బులు ఫోన్‌పేలో వేశాను, తిరిగి పంపావంటే ఊరుకోను. తమ్ముళ్లూ, మీ డ్రిల్లు మా ఇంట్లోనే ఉండిపోయింది, వచ్చి తీసుకెళ్లండి.

మేమూ ఒక ఇంపాక్ట్ డ్రైవర్ కొన్నాం. మన వీధిలో ఎవరికి కావాలన్నా అడగండి, ఇస్తాం. సుత్తి మాత్రం మీదే తెచ్చుకోండి, మాది పిడి ఊడింది.