ఇంపాక్ట్ ఫీజు ఏ గల్లీకి తిరిగొచ్చింది?

సంపాదకులకు నమస్కారం.

కాలనీలో కొత్త టవర్ లేవబోతోందని తెలియగానే జనం కార్పొరేటర్ దగ్గరికి పరుగెడతారు. ఆయన బడ్జెట్ సమావేశంలో లేచి పర్మిషన్ రద్దు చేయాలంటారు. పర్మిషన్ ఇచ్చేది, రద్దు చేసేది కమిషనర్, ఆయన కింద టౌన్ ప్లానింగ్ విభాగం. కౌన్సిల్ చేతిలో ఉన్నది ఖజానా. ఆ టవర్ కోసం బిల్డర్ కట్టిన ఇంపాక్ట్ ఫీజు ఎక్కడికి పోయిందన్నది సభ్యులు నిలదీయాల్సిన మాట.

మన హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ప్లాటు వైశాల్యానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, 2006లో 86 జీవోతోనే పోయింది. ఎన్ని అంతస్తులు వేయొచ్చో రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా (సెట్‌బ్యాక్‌లు) తేలుస్తాయి. 2012 నాటి 168 జీవో పట్టికలో 24 మీటర్ల ఎత్తు వరకు 12 మీటర్ల రోడ్డు చాలు, 30 మీటర్లు దాటితే 24 మీటర్ల రోడ్డు ఉండాలి. ఆ రోడ్డు కింద ఏ పైపు ఉందో ఆ పట్టిక అడగదు. అందుకు పరిహారంగానే ఐదంతస్తులు, అంటే 15 మీటర్లు దాటిన కట్టడాలపై నగర స్థాయి మౌలిక వసతుల ఇంపాక్ట్ ఫీజు పెట్టారు. అదే జీవో ఇంకో మాట కూడా చెప్పింది. ఈ సొమ్మును ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికే కేటాయించిన వేరే ఖాతాలో ఉంచాలి, సగం ఆ ప్రాంతంలోని వసతులకే ఖర్చు పెట్టాలి, అందుకు ఒక కార్యాచరణ ప్రణాళిక ఉండాలి. నియమం ఇంత స్పష్టంగా ఉంది. దాన్ని టౌన్ ప్లానింగ్ ఆదాయం అనే ఒకే పద్దులో కలిపేస్తే మాత్రం ఏ ప్రాంతం వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు.

అసలు చిక్కు కాలంతో వస్తుంది. డబ్బు పర్మిషన్ నాడు వస్తుంది, మురుగు గృహప్రవేశం నాడు వస్తుంది. మధ్యలో నాలుగైదేళ్లు. వచ్చిన ఏడాదే ఆ సొమ్ము జీతాలకో, పాత బిల్లులకో కరిగిపోతే, జనం దిగే నాటికి పైపు మార్చడానికి పైసా మిగలదు. అప్పుడు అప్పు చేయాలి. రోడ్ల పథకానికని 2018, 2019లలో కార్పొరేషన్ మూడు విడతల్లో తెచ్చిన 495 కోట్ల బాండ్లకు వడ్డీ 8.90 శాతం దగ్గర మొదలై 10.23 దాకా పోయింది. వడ్డీ లేకుండా చేతికొచ్చిన ఫీజును అవసరం వచ్చే నాటిదాకా కాపాడుకోవడం ఎందుకు ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది.

ఒక్క టవర్ భారం ఎంతో లెక్క వేద్దాం. 400 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మొత్తం 1,600 మంది. తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున 2,16,000 లీటర్ల నీళ్లు కావాలి. నల్లా చాలకపోతే పది వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవైకి పైనే. వాడిన నీటిలో 80 శాతం, 1,72,800 లీటర్లు, మురుగుగా బయటపడుతుంది. సగటున సెకనుకు 2 లీటర్లు. పొద్దున అందరూ ఒకేసారి స్నానాలకు దిగే వేళ మూడింతలు, 6 లీటర్లు.

ఇప్పుడు గల్లీలోని పైపు చూడండి. 200 మిల్లీమీటర్ల లైను, 200కు 1 వాలు, అంటే 200 మీటర్ల పొడవుకు ఒక మీటరు దిగుడు. అడుగున సిల్ట్ (పూడిక) లేకుండా నిండా పారితే సెకనుకు దాదాపు 23 లీటర్లు. అందులో పావు వంతు ఈ ఒక్క టవరే తీసుకుంటుంది. అడుగున మూడో వంతు ఎత్తు సిల్ట్ పేరుకుందంటే దారి దాదాపు 30 శాతం తగ్గినట్టే. దీనికి తోడు డాబా నీళ్లను మ్యాన్‌హోల్‌లోకి కలిపేసే అలవాటు ఒకటి. గంటకు 50 మిల్లీమీటర్ల వానకు 100 చదరపు మీటర్ల డాబా సెకనుకు 1.4 లీటర్లు దింపుతుంది. అలాంటివి పదిహేడు కలిస్తే టవర్ లేకపోయినా పైపు నిండి మూత లేస్తుంది. 2020 అక్టోబర్ వరదల తర్వాత ఎస్‌ఎన్‌డీపీ అనే నాలాల అభివృద్ధి పథకం కింద పనులు చేపట్టారు, అవి కావలసినవే. కానీ గల్లీ పైపు మారకపోతే నీళ్లు నాలా దాకా చేరేదెలా?

టవర్లో ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉంటుంది కదా అంటారు. ఉండాలి, నడవాలి కూడా. ఫ్లషింగ్‌కు తలకు 45 లీటర్ల చొప్పున 72 వేల లీటర్లు వాడుకున్నా ఇంకా లక్ష లీటర్లు మిగులుతాయి, తోటకు పోగా తక్కినది బయటికే. బిల్డర్ అప్పగించి వెళ్లాక కరెంటు బిల్లు తగ్గుతుందని ఎస్‌టీపీలోకి గాలి ఊదే బ్లోయర్లు ఆపితే మురుగును శుద్ధి చేసే సూక్ష్మజీవులు గాలి అందక చస్తాయి, కొద్ది రోజుల్లోనే కంపు మొదలవుతుంది. ఆ మురుగంతా అదే 200 మిల్లీమీటర్ల లైనులోకి వస్తుంది.

ఇంకో తిరకాసుంది. మురుగు లైన్లు జలమండలివి, వాన నీటి కాల్వలు, రోడ్లు కార్పొరేషన్‌వి. కొత్త కట్టడానికి నీటి, మురుగు కనెక్షన్ ఇవ్వడం సాధ్యమేనని జలమండలి ఫీజిబిలిటీ ఇచ్చేటప్పుడు ఏ లైను మార్చాలో రాసి ఆ కాపీని కార్పొరేషన్‌కు పంపాలి. లేకపోతే వీళ్లు రోడ్డు వేస్తారు, ఆర్నెల్లకు వాళ్లు తవ్వుతారు. బిల్డర్ దగ్గర తనఖాగా ఉంచుకునే 10 శాతం నిర్మాణాన్ని విడుదల చేసే ముందు, జనం దిగొచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే వేళ, కాంపౌండ్ లోపలి పనులతో పాటు బయటి లైను సంగతి కూడా ఇంజనీర్లు చూసి రాయాలి.

ఈసారి బడ్జెట్ పుస్తకానికి ఒక అనుబంధ పట్టిక జతచేయాలని కమిషనర్‌ను, స్టాండింగ్ కమిటీని కోరుతున్నాం. సర్కిల్ (కార్పొరేషన్ పాలనా విభాగం) వారీగా పర్మిషన్ నంబర్, ఫ్లాట్ల సంఖ్య, వసూలైన ఇంపాక్ట్ ఫీజు, దానితో చేసిన పని పేరు, మిగిలిన నిల్వ అందులో ఉండాలి. నిల్వ మార్చి 31తో మాయం కాకుండా వచ్చే ఏడాది పద్దులో మొదటి వరుసగా కనిపించాలి. పర్మిషన్లు ముందు టీఎస్-బీపాస్ పోర్టల్‌లో, ఇప్పుడు బిల్డ్‌నౌ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానే ఇస్తున్నారు కనుక ఇందుకు కొత్త సర్వే అక్కర్లేదు. ఆదాయం అంచనాతో పాటు నిరుటి సవరించిన అంచనా, అంతకు ముందేడు నిజంగా వచ్చినది పక్కపక్కనే చూపాలి. ఊరించే అంచనా మీద పనులు మంజూరు చేస్తే కాంట్రాక్టర్ బిల్లులు ఆగుతాయి, తవ్విన గుంత అలాగే ఉంటుంది.

పట్టిక రాకపోతే కాలనీ సంఘాలు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు. "మా సర్కిల్‌లో ఎంత ఖర్చు పెట్టారు" అని అడిగితే జవాబు పనికిరాదు. ఫలానా పర్మిషన్ నంబరుకు ఇంపాక్ట్ ఫీజు ఎంత, ఏ తేదీన, ఏ ఖాతాలో జమైంది, ఆ ఖాతా నుంచి మా ప్రాంతంలో ఏ పనికి ఎంత చెల్లించారు, కార్యాచరణ ప్రణాళిక నకలు ఇవ్వండి అని అడగాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. బడ్జెట్ ముసాయిదా స్టాండింగ్ కమిటీ ముందుకు రాకముందే దరఖాస్తు వేస్తే ఆ కాగితం చర్చ నాటికి కార్పొరేటర్ చేతిలో ఉంటుంది.

ఇట్లు,
రిటైర్డ్ మున్సిపల్ ఇంజనీర్లు కొందరు,
హైదరాబాద్